మారుతి 800: అంత చౌకేం కాదు.. మరి దేశం మొత్తానికీ 'మన కారు' ఎలా అయింది?

ఫోన్ల ప్రపంచంలో నోకియా 1100 ఎలాగో, మన దేశంలో కార్లకు మారుతి 800 అలాగ. పెద్ద కెమెరా లేదు, కలర్ స్క్రీన్ లేదు, అయినా కోట్ల మంది చేతుల్లోకి వెళ్లింది ఆ ఫోన్. 800 కూడా అంతే. ఎయిర్‌బ్యాగ్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, మొదట్లో ఇంజిన్ బలం 40 హార్స్‌పవర్ లోపు. అయినా 1983 చివర్లో మొదలై 2014 జనవరి వరకు, అంటే ముప్పై ఏళ్లకు పైగా, ఒకే పేరుతో తయారైంది. మొత్తం 28 లక్షలకు పైగా కార్లు వచ్చాయి. వాటిలో 26 లక్షలకు పైగా మన దేశంలోనే అమ్ముడయ్యాయి.

'చౌకగా ఇచ్చారు కాబట్టి జనం ఎగబడి కొన్నారు' అని మనలో చాలామంది అనుకుంటాం. లెక్కలు తీసి చూస్తే ఈ మాట నిలబడదు. 800 ఆ రోజుల్లో అంత చౌకేం కాదు. నిజంగా చౌకగా వచ్చిన కారు ఇంకోటి ఉంది, దాని పేరు నానో. అది ఏమైందో మనకు తెలుసు. మరి 800 దగ్గర ఉన్నదేంటి? మొదటి కారు కొనాలని చూస్తున్న వాళ్లకి ఈ ప్రశ్న ఇవాళ్టికీ పనికొస్తుంది. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

1983కి ముందు: కారు అంటే రెండే

ఇప్పుడు 5 లక్షల లోపు ఫలానా, 10 లక్షల లోపు ఫలానా అని లిస్టులు వేసుకుంటున్నాం. అప్పట్లో లిస్టు వేసేంత సీన్ లేదు. ఒకటి అంబాసిడర్, ఇంకోటి ప్రీమియర్ పద్మిని. అంబాసిడర్‌కి మూలం 1950ల నాటి బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. పద్మినికి మూలం ఇటలీ ఫియట్ 1100, అందుకే మన పెద్దవాళ్లు దాన్ని ఇప్పటికీ 'ఫియట్ కారు' అనే అంటారు. ఇవి కాకుండా మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ లాంటివి అక్కడక్కడా కనిపించేవి.

ఏ కంపెనీ ఏడాదికి ఎన్ని కార్లు చేయాలో ప్రభుత్వమే చెప్పే లైసెన్సుల కాలం అది. దేశం మొత్తం మీద ఏడాదికి నలభై వేలకు అటూ ఇటూగా కార్లు తయారయ్యేవి. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. స్కూటర్‌కే అంత వెయిటింగ్ ఉన్న రోజులవి. పోటీ లేదు కాబట్టి మోడల్ మార్చాల్సిన అవసరం కంపెనీకి లేదు. కారు కొన్నవాళ్లు దాంతోపాటు ఒక మెకానిక్‌తో పరిచయం కూడా పెంచుకోవాల్సి వచ్చేది. దూరప్రయాణం అంటే రేడియేటర్‌లో పోయడానికి నీళ్లు, టూల్ కిట్ డిక్కీలో ఉండాల్సిందే. చాలా ఇళ్లలో కారుతో పాటు డ్రైవర్ కూడా ఉండేవాడు. స్టీరింగ్ పక్కన ఉండే గేర్ లివర్, బరువైన క్లచ్.. నేర్చుకోవడం అంత తేలిక కాదు మరి.

పేరు వాయుపుత్రుడిది, మొదలు మాత్రం నత్తనడక

'ప్రజల కారు' ఆలోచన 1983లో పుట్టింది కాదు. ఇందిరా గాంధీ చిన్న కొడుకు సంజయ్ గాంధీ 1971లోనే మారుతి లిమిటెడ్ పేరుతో కంపెనీ పెట్టారు. గుర్గావ్‌లో భూమి వచ్చింది, లైసెన్స్ వచ్చింది, విమర్శలు కూడా గట్టిగానే వచ్చాయి. రానిదల్లా కారే. పూర్తిగా ఇక్కడే డిజైన్ చేసిన చౌక కారు ఇస్తామన్న మాట నెరవేరకుండానే ఆ కంపెనీ మూతపడింది. 1980 జూన్‌లో సంజయ్ గాంధీ విమాన ప్రమాదంలో చనిపోయారు. తర్వాత ప్రభుత్వం ఆ ఆస్తుల్ని తీసుకుని, 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థని మొదలుపెట్టింది.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. బీహెచ్‌ఈఎల్‌ని నడిపిన వి. కృష్ణమూర్తి, ఐఏఎస్ అధికారి ఆర్.సి. భార్గవ ఈ సంస్థలోకి వచ్చారు. కారు మనమే మొదటినుంచి డిజైన్ చేసుకోవాలన్న పంతం వదిలేసి, బయట బాగా నడుస్తున్న డిజైన్‌నే తెచ్చుకుందామని నిర్ణయించారు. మొదట్లో రెనో 18 లాంటి పెద్ద సెడాన్ ఆలోచన కూడా ఉంది. కానీ మన రోడ్లకి, మన జేబులకి, పెట్రోల్ ధరకి చిన్న కారే సరైందని తేల్చుకున్నారు. జపాన్‌లో కూడా అప్పటికి అంత పెద్ద పేరు లేని సుజుకి ముందుకొచ్చింది. 1982 అక్టోబర్‌లో ఒప్పందం కుదిరింది. సుజుకికి 26 శాతం వాటా, మిగతాది ప్రభుత్వానిది.

1983లో బుకింగ్స్ తెరిస్తే, 10 వేల రూపాయలు అడ్వాన్స్ కట్టి లక్ష మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. గమనించాల్సిన విషయం ఏంటంటే, అప్పటికి గుర్గావ్ ఫ్యాక్టరీ నుంచి ఒక్క కారు కూడా బయటికి రాలేదు. ఎవరికి ముందు ఇవ్వాలన్నది లాటరీ తీశారు. 1983 డిసెంబర్ 14న, సంజయ్ గాంధీ పుట్టినరోజు నాడు, మొదటి కారు తాళాలు ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్‌కి ఇందిరా గాంధీ అందించారు. ఆయన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. 2010లో చనిపోయే వరకు ఆ కారుని అమ్మలేదు. తర్వాత దాన్ని బాగు చేయించి మారుతి సుజుకి ప్రధాన కార్యాలయంలో పెట్టారు.

47,500 రూపాయలు అంటే నిజంగా ఎంత?

మొదటి మారుతి 800 ధర సుమారు 47,500 రూపాయలు. ఇవాళ మంచి ఫోన్ ధర అది. 'అబ్బ, ఎంత చౌక' అనిపిస్తుంది. ఆగండి. ఆ ఏడాది పది గ్రాముల బంగారం 1,800 రూపాయల ప్రాంతంలో ఉంది. అంటే ఆ డబ్బుతో పావు కిలోకి పైగా బంగారం వచ్చేది. ఒక మధ్యతరగతి ఇంట్లో కూతురి పెళ్లికి దాచుకున్నది మొత్తం కలిపినా అంత ఉండేది కాదు.

బంగారం లెక్క ఎక్కువ అనిపిస్తే మామూలు ధరల లెక్కే చూద్దాం. అప్పటి నుంచి ఇప్పటికి సామాన్య వినియోగదారు ధరలు స్థూలంగా పదిహేను రెట్లకు పైనే పెరిగాయి. ఆ లెక్కన ఇవాళ్టి డబ్బులో 800 ధర 7 లక్షల పైమాటే. అదీ ఏసీ లేని, మ్యూజిక్ సిస్టం లేని బేస్ మోడల్‌కి. అంబాసిడర్, పద్మిని కంటే తక్కువకి వచ్చిందన్నది నిజం. కానీ స్కూటర్ మీద తిరిగే గుమస్తా ఇంటికి మర్నాడే కారు వచ్చేంత తక్కువ కాదు. కార్ లోన్లు కూడా ఇప్పట్లా ఫోన్‌లో రెండు క్లిక్‌లతో వచ్చేవి కావు. మొదట కొన్నవాళ్లు డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులు, పెద్ద ఉద్యోగులు. సామాన్యుడి ఇంటి ముందుకి ఆ కారు రావడానికి ఇంకో పది, పదిహేనేళ్లు పట్టింది. అదీ చాలామందికి సెకండ్ హ్యాండ్‌లో.

కాబట్టి ధర ఒక్కటే కారణం అయితే ఈ కథ ఇక్కడే అయిపోవాలి.

స్పెక్స్ షీట్ చూద్దాం

మన సైట్ అలవాటు ప్రకారం స్పెసిఫికేషన్స్‌కి వద్దాం. 796 సీసీ, మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. నాలుగు గేర్లు. ఫ్రంట్ వీల్ డ్రైవ్. 12 అంగుళాల చక్రాలు. మొదటి మోడల్‌కి ఎస్‌ఎస్80 అని పేరు, సుజుకి జపాన్‌లో అమ్ముతున్న ఫ్రాంటే, ఆల్టో కార్లే దానికి ఆధారం. 1986లో పూర్తిగా కొత్త బాడీ వచ్చింది. మనందరి కళ్లలో ఉండిపోయిన 800 ఆకారం ఇదే. పొడవు 3.3 మీటర్లు దాటి కొద్దిగా, వెడల్పు 1.44 మీటర్లు.

కాగితం మీద ఇవేమీ గొప్పగా లేవు. కానీ పాత కార్లతో పోల్చి చూడండి. పద్మిని కంటే దాదాపు పావు టన్ను తేలిక. పాత కార్లలో ఇంజిన్ ముందుండి, వెనక చక్రాలకి బలం అందించడానికి కారు మధ్యలోంచి పొడవాటి షాఫ్ట్ వెళ్లేది. 800లో ఇంజిన్‌ని అడ్డంగా పెట్టి, ముందు చక్రాలకే బలం ఇచ్చేశారు. దాంతో బరువు తగ్గింది, లోపల చోటు మిగిలింది. బయట అగ్గిపెట్టెలా ఉన్నా లోపల నలుగురు కూర్చోగలిగేది అందుకే. తేలికైన కారు కాబట్టి చిన్న ఇంజిన్ చాలింది. చిన్న ఇంజిన్ కాబట్టి పెట్రోల్ తక్కువ తాగింది. ఒక నిర్ణయం ఇంకో నిర్ణయాన్ని తేలిక చేసింది.

ఫోన్ భాషలో చెప్పాలంటే ప్రాసెసర్ చిన్నదే, కానీ ఆప్టిమైజేషన్ బాగా కుదిరింది.

స్పెక్స్ షీట్‌లో రాయని అసలు ఫీచర్లు

ఒకటి, పొద్దున్నే స్టార్ట్ అవడం. ఇప్పుడు ఇది ఫీచరా అని నవ్వొస్తుంది. చలికాలం ఉదయం నలుగురు కలిసి కారుని తోయడం మామూలుగా ఉన్న రోజుల్లో, తాళం తిప్పగానే ఇంజిన్ అందుకోవడం పెద్ద విషయం. బండి మీద నమ్మకం కుదిరితేనే ఇంటిల్లిపాదీ తిరుపతికో, శ్రీశైలానికో సొంతంగా బయల్దేరగలరు.

రెండు, డ్రైవర్ అక్కర్లేకపోవడం. క్లచ్ తేలిక, గేర్ లివర్ సీటు పక్కనే, కారు చిన్నది, ముందు ఏముందో బాగా కనిపిస్తుంది. ఓనరే నడుపుకునే కారు అన్న ఆలోచన మనకి అలవాటైంది 800తోనే. వేలాది ఆడవాళ్లు మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నది కూడా ఈ కారులోనే. మన ఊళ్లలో డ్రైవింగ్ స్కూల్ అంటే ఎల్ బోర్డు పెట్టిన 800 అనే లెక్క చాలా ఏళ్లు నడిచింది. తప్పులు చేసినా భరించే కారు. గోడకి తగిలితే బంపర్ మార్చుకోవచ్చు, జేబు ఖాళీ అవ్వదు.

మూడు, ఎక్కడ ఆగినా బాగు చేసేవాడు దొరకడం. కారు అమ్మితే సరిపోదు, సర్వీస్ చేసే చోటు, అసలైన విడిభాగాలు దొరికే చోటు ఊరూరా ఉండాలని మారుతి మొదటినుంచీ పట్టించుకుంది. అధీకృత సర్వీస్ స్టేషన్లు, వాటిలో శిక్షణ పొందిన మెకానిక్‌లు. అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చి సొంత షెడ్ పెట్టుకున్న వాళ్లు ఇంకెందరో. పదేళ్లు తిరిగేసరికి విజయవాడ ఆటోనగర్ నుంచి చిన్న మండల కేంద్రం దాకా 800 ఇంజిన్ తెలియని మెకానిక్ లేడు. ఓమ్నీ వ్యాన్‌లో ఉన్నదీ ఇదే 796 సీసీ ఇంజిన్ కాబట్టి, ఒక పని నేర్చుకుంటే రెండు బళ్లకీ పనికొచ్చేది.

నాలుగు, అమ్మితే డబ్బులు రావడం. పై మూడూ ఉన్నాయి కాబట్టి ఇది దానంతట అదే వచ్చింది. పదేళ్లు వాడి అమ్మినా కొనేవాడు రెడీగా ఉండేవాడు. కొన్నవాడికి ఇది ఖర్చు కాదు, కాస్త దాచుకున్నట్టే అనిపించేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి, నమ్మకమైన కారు అందుబాటు ధరలో దొరికేది. సామాన్యుడి ఇంటికి 800 చేరింది ఈ దారిలోనే. షోరూం ధర కాదు, చేతులు మారినా చెడిపోని గుణమే దాన్ని అందరి కారు చేసింది.

ఫ్యాక్టరీ లోపల ఏం మారింది?

ఆ గుణం గాల్లోంచి ఊడిపడలేదు. గుర్గావ్‌లో జపాన్ పద్ధతులు తెచ్చారు. ఆఫీసర్లకీ, లైన్‌లో పనిచేసేవాళ్లకీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్. పెద్దసార్లకి వేరే గదులు లేని ఓపెన్ ఆఫీస్. షిఫ్ట్ మొదలయ్యే ముందు వ్యాయామం. అప్పటి ప్రభుత్వ సంస్థల తీరు తెలిసిన వాళ్లకి ఇది వింతే.

ఇంకో చిక్కు డబ్బు రూపంలో వచ్చింది. మొదట్లో ఎక్కువ భాగాలు జపాన్ నుంచే వచ్చేవి. 1985 తర్వాత జపాన్ కరెన్సీ యెన్ విలువ బాగా పెరిగింది. దిగుమతి చేసుకునే ప్రతి భాగం ఖరీదైపోయింది. ఇక్కడే తయారు చేసుకోవడం తప్ప వేరే దారి లేదు. మారుతి స్థానిక కంపెనీలతో జాయింట్ వెంచర్లు పెట్టింది, జపాన్ సంస్థల్ని తీసుకొచ్చి ఇక్కడి వాళ్లతో కలిపింది. సీట్లు, స్టీరింగ్, ఎలక్ట్రికల్ పార్ట్స్.. ఒక్కొక్కటీ ఇక్కడే అవడం మొదలైంది. ఇవాళ మన దేశంలో విడిభాగాల పరిశ్రమ ఇంత పెద్దది కావడానికి ఒక ముఖ్యమైన పునాది అక్కడే పడింది. 1987లో 500 కార్లు హంగేరీకి వెళ్లాయి. మన దగ్గర తయారైన కారుని యూరప్ దేశం కొనడం అప్పట్లో పెద్ద వార్త.

ముప్పై ఏళ్లలో వచ్చిన అప్‌డేట్స్

ఫోన్ కంపెనీలు ఏడేళ్ల అప్‌డేట్స్ ఇస్తామంటే మనం చప్పట్లు కొడుతున్నాం. 800కి పెద్ద అప్‌డేట్స్ రెండే వచ్చాయనుకోవచ్చు. మొదటిది 1986 నాటి కొత్త బాడీ. రెండోది 2000 ప్రాంతంలో, కాలుష్య నిబంధనలు గట్టిపడ్డాక వచ్చింది. కార్బ్యురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ లెక్కేసి ఇంధనం చిమ్మే పద్ధతి, వచ్చింది. ఐదు గేర్ల వేరియంట్ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది.

ఈలోగా పోటీ మొదలైంది. 1998లో హ్యుందాయ్ సాంత్రో, డేవూ మాటిజ్, ఆ ఏడాది చివర్లో టాటా ఇండికా. మారుతి వెంటనే 800 ధర తగ్గించి నిలబడింది. చివరికి దాన్ని దాటింది బయటి కంపెనీ కాదు, సొంత తమ్ముడే. 2000లో వచ్చిన ఆల్టో నాలుగైదేళ్లకే అమ్మకాల్లో అన్నని దాటేసింది.

2010 ఏప్రిల్‌లో దేశంలోని 13 నగరాల్లో బీఎస్-4 నిబంధనలు అమల్లోకొచ్చాయి. అందులో హైదరాబాద్ కూడా ఉంది. 800ని ఆ ప్రమాణానికి మార్చకూడదని కంపెనీ నిర్ణయించుకుంది. దాంతో హైదరాబాద్ షోరూముల్లో 800 అమ్మకం అప్పుడే ఆగిపోయింది. బీఎస్-3 నడుస్తున్న మిగతా ఊళ్లలో ఇంకో నాలుగేళ్లు సాగింది. 2014 జనవరి 18న ఉత్పత్తి పూర్తిగా ఆపేశారు.

మెచ్చుకోలుతో పాటు చురకలు కూడా

పాత జ్ఞాపకాల మీద ప్రేమతో లోపాలు దాచకూడదు. భద్రత విషయంలో 800 చాలా వెనకబడిన కారు. ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు, రేకు పల్చన. హైవే మీద లారీ పక్కనుంచి వెళ్తే కారు ఊగేది. ఏసీ వేస్తే ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఆపసోపాలు పడేది. వెనక సీటులో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే నలిగిపోవాల్సిందే.

'అలాంటి కారు మళ్లీ ఎందుకు తయారు చేయరు' అని అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. చేయలేరు, చేయకూడదు కూడా. క్రాష్ టెస్ట్ నిబంధనలు, 2020 నుంచి వచ్చిన బీఎస్-6, ఇవన్నీ కారు ధర పెంచాయి. ఆ పెరిగిన ధరలో కొంత మన ప్రాణాల విలువ. 800 పరిమాణంలోనే ఉండే ఆల్టో కే10లో 2025 నుంచి ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు స్టాండర్డ్‌గా వస్తున్నాయి. దాన్ని వద్దనలేం.

నిజంగా చౌక కారు వస్తే ఏమైంది?

2009 మార్చిలో టాటా నానో వచ్చింది. 'లక్ష రూపాయల కారు' అని ప్రపంచమంతా మాట్లాడుకుంది. స్కూటర్ మీద వానలో తడుస్తూ వెళ్లే కుటుంబానికి కారు ఇవ్వాలన్న రతన్ టాటా ఆలోచన మంచిదే. 624 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్ వెనక వైపు పెట్టి, లోపల చోటు 800 కంటే ఎక్కువే ఇచ్చారు. ఇంజినీరింగ్ పరంగా నిజంగా తెలివైన కారు.

కానీ కారు కొనడం మనకి మైలేజీ లెక్క మాత్రమే కాదు. ఇంటి ముందు ఆగిన కారు చూసి చుట్టాలు ఏమనుకుంటారన్నది కూడా లెక్కే. నానో పేరు వినగానే 'అందరికంటే చౌకది' అన్న ముద్ర ముందొచ్చేది. అలా ప్రచారం చేయడం పొరపాటని రతన్ టాటా తర్వాత ఒప్పుకున్నారు కూడా. సింగూరు నుంచి సనంద్‌కి ఫ్యాక్టరీ మార్చాల్సి రావడం, కొన్ని కార్లకి నిప్పంటుకున్న ఘటనలు నమ్మకాన్ని ఇంకా దెబ్బతీశాయి. పదేళ్లు తిరక్కుండానే దాని కథ ముగిసింది.

తేడా చూడండి. 800 కొన్నవాడు 'చౌక కారు కొన్నా' అనుకోలేదు, 'కొత్త కాలం కారు కొన్నా' అనుకున్నాడు. కలెక్టర్ ఇంట్లో, డాక్టర్ ఇంట్లో, కిరాణా షాపు ఓనర్ ఇంట్లో అదే కారు ఉండేది. ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. 'మారుతి' అంటే చిన్న కారు, 'మారుతి వ్యాన్' అంటే ఓమ్నీ అని మన వాడుక భాషలోకే వచ్చేసింది.

మరి ఇప్పుడు?

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్నవాటికి ఇది వర్తిస్తుంది. దాంతో కొత్త కార్లు మూడున్నర, మూడు లక్షల డెబ్బై వేల ప్రాంతం నుంచి మొదలవుతున్నాయి. 800 మొదటి ధర ఇవాళ్టి డబ్బులో 7 లక్షల పైన అనుకున్నాం కదా. ఆ లెక్కన ఇప్పటి చిన్న కారు, అప్పటి 800లో దాదాపు సగం ధరకే వస్తోంది. అదీ ఎయిర్‌బ్యాగ్‌లతో, ఏబీఎస్‌తో.

అయినా 'చిన్న కారు అందట్లేదు' అనే మాట వినిపిస్తూనే ఉంది. కారణం, ఎక్స్-షోరూమ్ ధర చూసి ఎవరూ కారు కొనరు. లైఫ్ ట్యాక్స్, కొత్త కారుకి తప్పనిసరైన మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, నెల నెలా ఈఎంఐ, పెట్రోల్.. ఇవన్నీ కలిస్తేనే అసలు ధర. ఇంకోవైపు, అంత డబ్బు పెట్టేటప్పుడు పాత ఎస్‌యూవీ కొందామనే వాళ్లు పెరిగారు. 'చిన్న కారు' అన్న మాటకి ఒకప్పుడున్న గౌరవం తగ్గింది. అది ధర తగ్గిస్తే తిరిగొచ్చేది కాదు.

మీ ఇంట్లో పాత 800 ఉందా?

ఉంటే ఈ మూడు విషయాలు చూసుకోండి.

మొదటిది ఆర్‌సీ. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజుని కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకి పెంచింది. కారు అమ్మితే వచ్చే డబ్బుతో ఈ ఖర్చుని పోల్చుకుని నిర్ణయం తీసుకోండి.

రెండోది పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. 800 ఈ ఇంధనం కోసం తయారైన కారు కాదు. ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్లు, కార్బ్యురేటర్ గ్యాస్కెట్లు పాతవైతే మెకానిక్‌కి చూపించి మార్పించండి. పెట్రోల్ వాసన వస్తుంటే అస్సలు ఆలస్యం చేయొద్దు. కారు నెలల తరబడి కదలకుండా పెడితే ట్యాంకులో తేమ చేరే అవకాశం ఉంది, వారానికోసారైనా నడపండి.

మూడోది రోడ్డు ఎంపిక. ఊళ్లో కూరగాయలకి, పిల్లల్ని స్కూల్లో దింపడానికి, డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఇప్పటికీ బంగారం లాంటి కారు. రాత్రిపూట హైవే మీద కుటుంబంతో వంద కిలోమీటర్ల వేగానికి మాత్రం వద్దు. ఆ పనికి ఆ కారు పుట్టలేదు.

మొదటి కారు కొనేవాళ్లకి 800 చెప్పేది

రివ్యూల్లో మనం స్క్రీన్ సైజు, సన్‌రూఫ్, కనెక్టెడ్ ఫీచర్ల గురించి ఎక్కువ మాట్లాడుకుంటాం. అవి ఉంటే మంచిదే. కానీ ముప్పై ఏళ్లు ఒక కారుని నిలబెట్టినవి అవి కావు. బుకింగ్ చేసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మీ ఇంటికి పాతిక కిలోమీటర్ల లోపు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా? బంపర్, హెడ్‌లైట్, క్లచ్ ప్లేట్ ధర ఎంత? కంపెనీ బయటి మెకానిక్ ఈ కారు ముట్టుకుంటాడా, లేక 'ల్యాప్‌టాప్ పెట్టాలి సార్, షోరూంకే తీసుకెళ్లండి' అంటాడా? ఐదేళ్ల తర్వాత దీన్ని ఎవరు కొంటారు?

ఎలక్ట్రిక్ కారు చూస్తున్నా ఇవే ప్రశ్నలు, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లన్నది అదనం. చిన్న ఎలక్ట్రిక్ కార్లలో రేపటి 800 వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. రావచ్చు. అది అన్నిటికంటే చౌకది అయ్యుండాల్సిన పని లేదు. మండల కేంద్రంలో మెకానిక్ ధైర్యంగా బానెట్ ఎత్తగలిగేది, రెండో ఓనర్ భయపడకుండా కొనగలిగేది అయ్యుండాలి. ఈ రెండు పరీక్షలూ పాసైన రోజు, దాని పేరు ఏదైనా, జనమే దాన్ని మన కారు అంటారు.